ఆ అవ్వ తాళం ఇవ్వలేదు: కొత్త గేమ్‌తో నా పద్నాలుగు రోజులు

శుక్రవారం రాత్రి నేను ఇంటికి చేరేసరికి డౌన్‌లోడు 91 శాతం దగ్గరుంది. మొత్తం 86 జీబీ. పొద్దున ఉగ్గాని తిని, డౌన్‌లోడు పెట్టి అంగడికి పోయాను. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయిందని, రెండుసార్లూ కంప్యూటరు తానే ఆన్ చేసిందని అమ్మ చెప్పింది. "ఆ గీత కదల్తానే ఉందిలే, దిగులుపడాకు" అంది. ఆరు నెలలుగా నేను ఆ గేమ్ కోసం కాచుకున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మాది అనంతపురం. పాతూరులో ఒక విత్తనాల అంగట్లో బిల్లులు రాస్తాను, స్టాకు లెక్క చూస్తాను. పొద్దున తొమ్మిదికి పోతే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి పదికి. సీజనులో ఇంకా ఆలస్యం. చిన్నప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి వైస్ సిటీ గేమ్ ఆడినవాణ్ణి. సొంత కంప్యూటరు రెండేళ్ల కిందటే కుదిరింది. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి, అంగడి అంగడీ తిరిగి, ధరలు అడిగి, పార్టులు కొని, మానిటర్ ఒళ్లో పెట్టుకొని బస్సులో తెచ్చుకున్నాను. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసేది అదే), 16 జీబీ ర్యామ్. ఈ గేమ్ అమ్మే పేజీలో, బాగా ఆడాలంటే ఉండాల్సిన కార్డు అని రాసింది సరిగ్గా ఇదే. ధర 3,499 రూపాయలు. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. రెండు నెలలు కొంచెం కొంచెం పక్కన పెట్టి కొన్నాను.

గేమ్ పేరు, చేసిన కంపెనీ పేరు, కొన్న స్టోరు పేరు ఇక్కడ చెప్పను. ఒక్క గేమ్ మీద కోపంతో రాస్తున్నది కాదిది. పూర్తి డబ్బు కట్టి సగం వండిన వస్తువు కొన్నప్పుడు మన రాత్రులు ఎట్లా పోతాయో, ఆ డబ్బు నేను ఎట్లా వెనక్కి తెచ్చుకున్నానో, ఉన్నదున్నట్టు చెప్తాను.

పదకొండుకు గేమ్ తెరిచాను. 'షేడర్లు సిద్ధమవుతున్నాయి' అని ఒక గీత వచ్చింది. ఇది తెలియనివాళ్ల కోసం ఒక మాట. గేమ్‌లో నీళ్లు మెరవడానికి, నీడ పడటానికి, దీపం వెలుగుకు గోడ ఎర్రబడటానికి ఒక్కోదానికి చిన్న ప్రోగ్రాము ఉంటుంది. వాటిని షేడర్లంటారు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అయితే ఒక మోడలు మిషన్లన్నీ ఒకే రకం, కాబట్టి ముందే తయారుచేసి పంపుతారు. పీసీల్లో ఎవరి కార్డు వాళ్లది. మన కార్డుకు తగ్గట్టు మన ఇంట్లోనే అవి తయారవ్వాలి. కార్డును నడిపే సాఫ్ట్‌వేరును డ్రైవర్ అంటారు, అది మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. నాకు ఆ గీత నిండటానికి 47 నిమిషాలు పట్టింది. కంప్యూటరు ఫ్యాను మిక్సీలాగా మోగింది. అన్నం తిని, గిన్నె కడిగి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇంకా 60 శాతమే.

ఈ 47 నిమిషాలను గుర్తుపెట్టుకోండి. రీఫండ్ దగ్గర ఇవే అడ్డం పడ్డాయి.

పన్నెండుకు దగ్గరగా ఆట మొదలైంది. నిజం చెప్పాలి, మొదటి గంట చాలా బాగుంది. కొండల మధ్య వాన, తడిసిన రాళ్ల దారి, దూరంగా ఒక పాత బురుజు. ఆ వాన శబ్దం విని అమ్మ లోపలి గదిలోంచి లేచి, మిద్దె మీద బట్టలున్నాయని బయటికి వచ్చింది. అంత శ్రద్ధగా చేశారు దాన్ని. ఎవరో ఏళ్ల తరబడి కూర్చొని ఆ వానను పట్టుకున్నారు. ఆ పనిచేసినవాళ్ల మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

మరుసటి రాత్రి అసలు కథ మొదలైంది. దసరా సెలవులకు అక్క కొడుకు మా ఇంట్లో ఉన్నాడు, ఎనిమిదేళ్లవాడు. నిద్రపోరా అంటే వినకుండా నా పక్కన స్టూలేసుకొని కూర్చున్నాడు. గేమ్‌లో కొండమీద ఒక పల్లె వస్తుంది. బావి పక్కన ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక అవ్వ మంచం మీద కూర్చొని ఉంటుంది. ఆమెతో మాట్లాడితే బురుజు తాళం ఇస్తుంది, దాంతో కథ ముందుకు పోతుంది. నేను బావి వైపు నుంచి వచ్చాను కాబట్టి వెనక తలుపు తీసుకొని లోపలికి పోయాను. అవ్వ తల తిప్పి మా వైపు చూసింది. చూస్తూ చూస్తూ మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. మంచం దాటి, నేల దాటి, నడుము వరకు మట్టిలోకి పోయింది. ముఖంలో ఏ మార్పూ లేదు. తన కొడుకు యుద్ధానికి పోయి రాలేదని, ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నానని చెప్పుకుంటూ పోతోంది.

"మామా, ఆ అవ్వ నేల్లోకి పోతాంది సూడు" అన్నాడు వాడు.

మాట ముగిశాక ఆమె చేయి చాపి తాళం ఇవ్వాలి. ఆ చేయి నేల కింద ఉంది. తెర మీద 'తాళం తీసుకో' అన్న బటన్ రాలేదు. అవ్వ మా వైపు చూస్తూ ఉండిపోయింది. చుట్టూ తిరిగాను, బయటికి పోయి వచ్చాను, మంచం ఎక్కాను, ఏమీ జరగలేదు. అంతలో పైమూలలో చిన్న గుర్తు తిరిగింది, గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుంది. ఆ గేమ్‌లో మనం వేరుగా సేవ్ చేసుకునే వీలు లేదు. ఉన్నది ఒకటే సేవ్, అది ఇప్పుడు నేలలో దిగిన అవ్వతో గట్టిగా అతుక్కుపోయింది. మూసి తెరిచినా అక్కడే, అట్లాగే.

వాడు నవ్వుతూనే ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు. వారానికి నాకు దొరికేది ఏడెనిమిది గంటలు, అన్నీ రాత్రిళ్లే. అందులో మూడు గంటలు పోయినాయి.

ఆదివారం పొద్దున రీఫండ్ అడిగాను. కొన్ని పెద్ద స్టోర్లలో ఉన్న నియమమే ఇక్కడా ఉంది: కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపు అయితే కారణం అడక్కుండా డబ్బు తిరిగిస్తారు. నా లెక్కలో 3 గంటల 10 నిమిషాలు చూపించింది. గంటలోపే సమాధానం వచ్చింది: ఆడిన సమయం మించింది కాబట్టి కుదరదు. ఎవరో మనిషి చదివి రాసినట్టు లేదు. షేడర్ల గీత చూస్తూ కూర్చున్న 47 నిమిషాలు కూడా 'ఆడిన సమయం' కిందికే వచ్చినాయి. గేమ్ తెరిచి ఉంటే గడియారం తిరుగుతుంది, అంతే. ఆ రెండు గంటల నియమం పెట్టినవాళ్లు, ఆట మొదలవ్వడానికే ముప్పావు గంట పట్టే రోజు వస్తుందని అనుకొని ఉండరు.

నాయన పక్కన పేపరు చదువుతూ విన్నాడు. "దుడ్డిచ్చి కొన్నది పంజెయ్యకుంటే వాపస్ ఇయ్యల్ల గదా, దాంట్లో రెండు గంటలేంది, మూడు గంటలేంది?" అన్నాడు. ఆయనకు గేమ్‌ల గురించి ఏమీ తెలియదు. కానీ ఆ ప్రశ్నకు ఈరోజుకీ నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజంతా కోపంగానే ఉన్నాను. సోమవారం అంగట్లో కూర్చున్నాక, జులైలో వచ్చిన ఒక రైతు గుర్తొచ్చాడు. కూడేరు వైపు ఆయన. కదిరి-6 వేరుశనగ విత్తనం కొన్నాడు, మొలక పలచగా వచ్చింది. అట్లాంటప్పుడు చాలామంది అంగడి ముందు నిలబడి అరుస్తారు, అరవడంలో తప్పేమీ లేదు. ఈయన అరవలేదు. బ్యాగులోంచి బిల్లు తీశాడు, సంచికి కట్టిన ట్యాగు తీశాడు, లాటు నంబరు చూపించాడు. తర్వాత చుట్టచుట్టిన తడి గోనె ముక్క బల్ల మీద పరిచాడు. మిగిలిన విత్తనంలోంచి సరిగ్గా నూరు గింజలు లెక్కపెట్టి మొలక కట్టి తెచ్చాడు. "లెక్కపెట్టప్పా" అన్నాడు నాతో. లెక్కపెట్టాను. 41 మొలిచినాయి. సర్టిఫైడ్ వేరుశనగ విత్తనానికి మొలక 70 శాతానికి తగ్గకూడదని నియమం, ఆ అంకె ట్యాగు మీదే అచ్చయి ఉంటుంది. మా ఓనరు ఇంకొక మాట మాట్లాడలేదు. కంపెనీకి ఫోను చేసి, ఆ సాయంత్రమే వేరే లాటు సంచులు ఇప్పించాడు.

నేను కూడా గింజలు లెక్కపెట్టాలనుకున్నాను.

అంగట్లో పాత స్టాకు నోట్‌బుక్ ఒకటి సగం ఖాళీగా ఉంటే ఇంటికి తెచ్చాను. గీతలు కొట్టి ఐదు గళ్లు చేశాను: తేదీ, టైము, గేమ్ వెర్షన్, ఏం చేశాను, ఏం జరిగింది. గేమ్‌లో అధ్యాయం మొదటి నుంచి ఆడుకునే వీలుంది. అక్కడినుంచి అవ్వ ఇంటికి చేరడానికి 35 నిమిషాలు. సోమవారం రాత్రి రెండుసార్లు, మంగళవారం రెండుసార్లు, బుధవారం రెండుసార్లు ఆడాను. మూడుసార్లు వెనక తలుపు నుంచి పోయాను, మూడుసార్లూ అవ్వ నేలలోకి దిగింది. మూడుసార్లు ముందు తలుపు నుంచి పోయాను, మూడుసార్లూ మంచం మీదే కూర్చొని తాళం ఇచ్చింది. రెండు రకాలకూ ఒక్కో వీడియో రికార్డు చేసి పెట్టుకున్నాను. ఆరోసారి తాళం తీసుకొని ఆశగా బురుజు ఎక్కాను. పైమెట్టు దగ్గర తెర ఆగిపోయింది, గేమ్ మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే 'సేవ్ ఫైల్ పాడైంది' అని వచ్చింది. నోట్‌బుక్‌లో ఆరో వరుసలో అదే రాశాను. చేయి వణికింది, అక్షరాలు ఇప్పుడు చూసినా తెలుస్తుంది.

గురువారం కంపెనీకి ఫిర్యాదు పంపాను. బగ్, అంటే గేమ్‌లో తప్పు, దాని గురించి రాయాలంటే 'మీ గేమ్ చెత్త' అంటే సరిపోదు. ఎదుటివాడు తన కంప్యూటర్లో అదే తప్పును మళ్లీ చూడగలగాలి. విండోస్‌లో డీఎక్స్‌డయాగ్ అని కొడితే మన కంప్యూటరు జాతకమంతా ఒక ఫైలుగా వస్తుంది, అది జతచేశాను. గేమ్ కూలిపోయినప్పుడు దాని ఫోల్డర్లో ఒక క్రాష్ ఫైలు పడుతుంది, అదీ పెట్టాను. వెర్షన్ నంబరు, వీడియోలు, నోట్‌బుక్ పేజీ ఫొటో పెట్టాను. ఏ తలుపు నుంచి పోతే ఏమవుతుందో ఒకటి, రెండు, మూడు అని వరుసగా రాశాను. ముందు తెలుగులో రాసుకొని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చాను. రాత్రి ఒంటిగంట దాటింది.

శనివారం సమాధానం వచ్చింది: డ్రైవర్ కొత్తది వేసుకోండి, ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో సరిచూసుకోండి, అయినా కాకపోతే గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించండి. అందరికీ ఒకటే పంపే ఉత్తరం అది. నా వీడియో తెరిచి ఉంటే డ్రైవర్ మాట వచ్చేది కాదు. అయినా చేశాను. 'మేం చెప్పింది నువ్వు చెయ్యలేదు' అనే అవకాశం వాళ్లకు ఇవ్వకూడదని. డ్రైవర్ మార్చగానే షేడర్ల గీత మళ్లీ వచ్చింది, మళ్లీ 47 నిమిషాలు. వెనక తలుపు తీశాను. అవ్వ దిగిపోయింది.

ఆ 47 నిమిషాలు కూర్చున్నప్పుడు పాత సంగతులన్నీ తలకెక్కినాయి. 2014 నవంబరులో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే గేమ్‌లో మనుషుల ముఖాలు మాయమై, కళ్లూ పళ్లూ మాత్రం గాల్లో వేలాడిన బొమ్మలు చూసి ఫ్రెండ్సంతా నవ్వుకున్నాం. దాన్ని చేసిన యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి, తర్వాత రావాల్సిన అదనపు కథను ఉచితంగా ఇచ్చింది. 2015 జూన్‌లో బ్యాట్‌మాన్ ఆర్ఖమ్ నైట్ పీసీ వెర్షన్ ఎంత దారుణంగా నడిచిందంటే, విడుదలైన కొద్దిరోజుల్లోనే అమ్మకం ఆపేశారు. మళ్లీ అమ్మకానికి పెట్టింది అక్టోబరు చివర. ఇక సైబర్‌పంక్ 2077 సంగతి గేమ్‌లు ఆడేవాళ్లందరికీ తెలిసిందే. 2020 ఏప్రిల్‌లో రావాల్సింది సెప్టెంబరుకు, అక్కడి నుంచి నవంబరుకు, చివరికి డిసెంబరు 10కి జరిగింది. అక్టోబరు మొదట్లో 'గోల్డ్ అయింది', అంటే డిస్కులు అచ్చువేయడానికి సిద్ధం అని చెప్పి, నెల తిరగకముందే ఇంకో 21 రోజులు వెనక్కి జరిపారు. అన్నిసార్లు జరిపినా పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో అది సరిగ్గా నడవలేదు. విడుదలై పది రోజులైనా కాకముందే ప్లేస్టేషన్ చేసే సోనీ తన స్టోరులోంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చింది. మళ్లీ పెట్టింది 2021 జూన్ 21న. తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతు చేసి, 2023 సెప్టెంబరులో 2.0 ప్యాచ్‌తో (తప్పులు దిద్ది తర్వాత పంపేదాన్ని ప్యాచ్ అంటారు) దాన్ని నిజంగా మంచి గేమ్‌గా నిలబెట్టారు. ఈ ఆఖరి మాట చెప్పి చాలామంది 'చూశారా, బాగైంది కదా' అంటారు. బాగైంది. మొదటి రోజు పూర్తి ధర కట్టినవాడికి మాత్రం ఆ మూడేళ్లు ఎవరు తిరిగిస్తారు?

గేమ్‌లో తప్పులుండటం సహజం. పీసీల్లో కార్డులు, ప్రాసెసర్లు, డ్రైవర్లు కలిపితే ఎన్ని వేల రకాలో. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తెగుతుంది. పరీక్షించేవాళ్లు తప్పులు పట్టరనుకోవడం కూడా అన్యాయం. వాళ్లు పట్టి రాసిస్తారు, వాటిల్లో ఏది విడుదలకు ముందు సరిచేయాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు అన్నది పైవాళ్లు తేలుస్తారు. పండగ సీజను, లెక్కల సంవత్సరం, ముందే ఇచ్చిన ప్రకటనలు అన్నీ ఆ తేదీని పట్టుకొని ఉంటాయి. క్యాట్రిడ్జిలో గేమ్ వచ్చే రోజుల్లో ఒకసారి అచ్చయి పోయిందంటే మళ్లీ దిద్దడం లేదు. ఇంటింటికీ నెట్ వచ్చాక దిద్దుకోవచ్చులే అన్న ధైర్యం వచ్చింది. దిద్దుకునే వీలు ఉండటం మంచిదే, ఆ వీలు మా సొమ్ముతో, మా నిద్రతో నడవడమే నాకు మింగుడుపడదు. పూర్తి కాని గేమ్‌ను పూర్తి కాలేదని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. బాల్డర్స్ గేట్ 3ని 2020 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్ అని బోర్డు పెట్టే అమ్మారు, పూర్తి గేమ్ వచ్చింది 2023 ఆగస్టులో. కొన్నవాళ్లకు ఏం కొంటున్నారో తెలుసు, తప్పులు చెప్పడం వాళ్లు ఇష్టపడి చేసిన పని. నా గేమ్ పేజీలో అట్లాంటి బోర్డు లేదు. విత్తనం సంచి మీద మొలక శాతం ఉంటుంది, దీని మీద ట్రైలరు మాత్రమే ఉంది.

కంపెనీకి రెండో ఉత్తరం శనివారం రాత్రే పంపాను: మీరు చెప్పినవన్నీ చేశాను, ఏం మారలేదు, దయచేసి వీడియో చూడండి. సోమవారం తెల్లవారుజామున ఫోను మోగింది. మెయిల్. ఈసారి మనిషి రాసిన ఉత్తరం. వెనక తలుపు సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలు, మా దగ్గర కూడా అట్లాగే జరిగింది, సరిచేసే పనిలో ఉన్నాం అని రాశారు. పక్క మీద కూర్చొని మూడుసార్లు చదివాను. ఎక్కడో ఏ దేశంలోనో ఒకరు బావి పక్కనుంచి వచ్చి, వెనక తలుపు తీసి, అవ్వ నేలలోకి దిగడం చూశారు. అప్పటిదాకా నా కంప్యూటర్లోనే ఏదో లోపమేమో, పార్టులు తప్పు కొన్నానేమో అని లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది. అది పోయింది. ఒళ్లు తేలికయింది.

అదే రోజు, అంటే కొన్న పదకొండో రోజున గేమ్ పేజీలో తెలిసిన సమస్యల జాబితా ఒకటి పెట్టారు. అవ్వ ఉంది, బురుజు దగ్గర సేవ్ పాడవ్వడమూ ఉంది. పన్నెండో రోజు 14 జీబీ ప్యాచ్ వచ్చింది. వేశాను. ప్యాచ్ పడితే షేడర్లు మళ్లీ తయారవ్వాలి, ఇంకో 47 నిమిషాలు. వెనక తలుపు నుంచే పోయాను. అవ్వ మంచం మీద కదలకుండా కూర్చుంది. చేయి చాపింది, తాళం వచ్చింది. మేనల్లుడు అప్పటికి ఊరికి పోయాడు, వాడుండుంటే బాగుండనిపించింది. తాళంతో బురుజు ఎక్కాను. పైమెట్టు దగ్గర తెర ఆగింది. సేవ్ ఫైల్ పాడైంది.

ఇక ఆగలేదు. ఆ రాత్రే కూర్చొని రెండో రీఫండ్ అర్జీ రాశాను. మొదటిసారి కారణం గడిలో 'గేమ్ పనిచేయడం లేదు' అని మాత్రం పెట్టాను, ఈసారి లెక్క పెట్టాను. మొత్తం చూపిస్తున్న సమయం 9 గంటల 50 నిమిషాలు. అందులో షేడర్ల గీత మూడుసార్లు, 47 చొప్పున 141 నిమిషాలు. అంటే మీ రెండు గంటల గడువు ఆ గీతకే దాటిపోయింది. కంపెనీ వాళ్ల కోసం తప్పును పరీక్షించింది ఆరుసార్లు, 35 నిమిషాల చొప్పున మూడున్నర గంటలు. ఇవి, డ్రైవర్ మార్చాక, ప్యాచ్ తర్వాత సరిచూసుకున్నవి తీసేస్తే, నేను ఆటగా ఆడింది రెండున్నర గంటలు కూడా కాదు. కంపెనీ మనిషి రాసిన మెయిల్, వాళ్లే పెట్టిన సమస్యల జాబితా, ప్యాచ్ తర్వాత తీసిన వీడియో జతచేశాను. ఆన్‌లైన్లో కొనే డిజిటల్ వస్తువులు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోకి వస్తాయి. ఆ మాట కూడా ఒక వాక్యంలో మర్యాదగా రాశాను. ఇది కూడా కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేద్దామని ఆర్డర్ నంబరు, పేమెంటు రసీదు ఒకచోట పెట్టుకున్నాను. పద్నాలుగు రోజుల గడువు దాటకూడదన్నదే నా తొందరంతా. ఇలాంటిది మీకు జరిగితే ముందు ఆ తేదీ క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి, ప్యాచ్ వస్తుందిలే అని కాచుకుంటూ గడువు దాటించుకోవద్దు. గేమ్ తెరిచి పెట్టి అన్నానికి కూడా పోవద్దు.

పదమూడో రోజు మధ్యాహ్నం, ఒక రైతుకు శనగ విత్తనం బిల్లు రాస్తుండగా మెసేజీ వచ్చింది. రీఫండ్ ఒప్పుకున్నారు. బిల్లు మీద అంకె తప్పు వేశాను, కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆరు రోజుల తర్వాత 3,499 రూపాయలు, పైసా తగ్గకుండా, కట్టిన ఖాతాలోకే వచ్చి పడింది. నాయనకు చూపిస్తే "అదీ పద్ధతి" అన్నాడు.

డబ్బు వచ్చింది సరే, ఆ రెండు వారాల రాత్రిళ్ల గురించి ఎవరితో చెప్పుకోను? ఆరుసార్లు ఒకే కొండ దారి నడిచాను. ఆ వాన మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు పులకరించింది, ఆరోసారి శబ్దం తగ్గించేశాను. అంత మంచి వానను నేనట్లా కట్టేయాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

ఆ గేమ్ నా దగ్గర ఇప్పుడు లేదు. ప్యాచ్ వచ్చినప్పుడల్లా ఏం సరిచేశారో చదువుతూనే ఉన్నాను. డిసెంబరు ప్యాచ్ జాబితాలో బురుజు మెట్ల దగ్గర సేవ్ పాడయ్యే సమస్య సరిచేశామని ఒక వరుస ఉంది. దాన్ని ఫొటో తీసి అక్క ఫోనుకు పంపాను.

సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు. చెప్పులు విప్పకముందే అడిగాడు, "మామా, ఆ అవ్వ పైకొచ్చిందా?"

"వచ్చింది. తాళం కూడా ఇస్తాంది ఇప్పుడు."

"అయితే మళ్లీ కొను."

"ధర తగ్గనీరా, సూద్దాం" అన్నాను.

వాడు కాసేపు నా ముఖం చూసి, టేబులు మీదున్న స్టాకు నోట్‌బుక్ తీసుకున్నాడు. రాత్రి నేను అంగడి నుంచి వచ్చేసరికి, ఆరో వరుస కింద ఖాళీలో పెన్సిలుతో ఒక మంచం గీసి ఉంది. మంచం పక్కన నడుము వరకు నేలలో దిగిన అవ్వ. చెయ్యి మాత్రం పైకి పెట్టాడు, అందులో తాళం.